ఓడెక్కిన ఫోను: తెలుగులో టెక్ వార్త రాయడం ఎలా

టెక్ వార్తల డెస్కులో చేరిన మూడో రోజు రాత్రి నేను రాసిన వాక్యం ఇది: "ఈ ఫోను ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్‌తో ఓడల్లో రవాణా అవుతుంది." కంపెనీ ప్రెస్ నోట్‌లో 'షిప్స్ విత్' అని ఉంది. ఫోను ఆ వెర్షన్‌తోనే అమ్మకానికి వస్తుందని దాని అర్థం. నాకేమో షిప్ అంటే ఓడ కదా, రాసేశాను. అర్ధరాత్రి దాటింది, కళ్లు మూతలు పడుతున్నాయి, ఇంకా నాలుగు వార్తలు వరసలో ఉన్నాయి. తెల్లారేసరికి ఒక పాఠకుడు కింద రాసి పెట్టాడు: "రేవు ఎక్కడో చెప్పండి మేడమ్, వెళ్లి దింపుకుంటాం."

మా ఇన్‌చార్జి సార్ ఆ వాక్యాన్ని ప్రింట్ తీసి నా మానిటర్‌కి అంటించారు. ఆర్నెల్లు అక్కడే ఉంది. ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. కొత్తగా చేరిన పిల్లలకి నోటితో చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి రాసి పెడుతున్నాను. సొంత వెబ్‌సైట్ నడుపుకునేవాళ్లకీ, వీడియోల కోసం స్క్రిప్టు రాసుకునేవాళ్లకీ కూడా పనికొస్తుంది. మన వార్త చదివేవాళ్లలో ఈ రంగం గురించి మనకంటే ఎక్కువ తెలిసినవాడు ఒకడు ఖాయంగా ఉంటాడు. అసలేమీ తెలియని మనిషీ ఉంటారు. ఇద్దరికీ ఒకే వార్త సరిపోవాలి. అదే ఈ పనిలో కష్టం.

ముందు వార్త ఎక్కడ పుట్టిందో చూడండి

టెక్ వార్త మన టేబుల్ మీదకి వచ్చేసరికి నాలుగు చేతులు మారి ఉంటుంది. ఒక సైట్‌ని చూసి ఇంకో సైట్ రాస్తుంది, దాన్ని చూసి మరొకటి. లింకులు పట్టుకుని వెనక్కి వెళ్లండి. చివరికి తేలేది మామూలుగా కంపెనీ ప్రెస్ నోటో, కంపెనీ సెక్యూరిటీ పేజీయో, కోర్టు కాగితమో, పరిశోధన పత్రమో అవుతుంది. లేదంటే ఎవరో పెట్టిన లీకు. వీటిలో ఏదన్నది మొదటి పేరాలోనే చెప్పండి. 'అని సమాచారం', 'అని తెలుస్తోంది' అన్నవి కనిపిస్తే నేను కొట్టేస్తాను. ఎవరికి తెలుస్తోంది? ఎవరిచ్చారు సమాచారం? చెప్పగలిగితే చెప్పాలి, లేకపోతే ఆ వాక్యమే వద్దు.

మూలం దాకా వెళ్లకపోతే ఏమవుతుందో 2023లో నాకే తెలిసొచ్చింది. ఆ జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు ఎల్‌కే-99 అనే పదార్థం మామూలు గది ఉష్ణోగ్రతలోనే సూపర్‌కండక్టర్‌గా, అంటే కరెంటు కొంచెం కూడా నష్టపోకుండా పారేలా, పనిచేస్తుందని ఆన్‌లైన్‌లో పత్రాలు పెట్టారు. అవి ప్రీప్రింట్లు, అంటే ఇతర శాస్త్రవేత్తలు ఇంకా సరిచూడనివి. నేనేమో "ఇక కరెంటు నష్టమే ఉండదు" అని హెడ్డింగ్ పెట్టాను. కొద్ది వారాల్లోనే వేర్వేరు దేశాల ల్యాబుల్లో పరీక్షించి, అది సూపర్‌కండక్టర్ కాదనీ, దానిలో మలినంగా కలిసిన కాపర్ సల్ఫైడ్ వల్ల అలా భ్రమపడ్డారనీ తేల్చారు. పత్రం మొదటి పేజీ తెరిచి ఉంటే అది ప్రీప్రింట్ అని నాకు పది సెకన్లలో తెలిసేది. నేను తెరవలేదు, ఇంకెవరో రాసింది చూసి రాశాను.

2025 జూన్‌లో ఇంకోటి వచ్చింది: 1,600 కోట్ల పాస్‌వర్డ్‌లు లీకయ్యాయని, ఆపిల్, గూగుల్, ఫేస్‌బుక్ ఖాతాలన్నీ ప్రమాదంలో పడ్డాయని. ఈసారి మా కుర్రాడు నన్ను ఆపాడు. "అక్కా, భూమ్మీద ఉన్నదే ఎనిమిది వందల కోట్ల పైచిలుకు మనుషులు. చంటిపిల్లలతో సహా తలా రెండా?" అన్నాడు. మూలం దాకా వెళ్తే విషయం వేరేగా ఉంది. ఎవరెవరి కంప్యూటర్లలోనో దూరిన మాల్‌వేర్లు దోచినవీ, పాత లీకుల్లోవీ, ఒకే వివరాలు పదే పదే వచ్చినవీ కలిపి ముప్పై దాకా డేటా గుట్టలు దొరికాయి. ఆ మూడు కంపెనీల్లో ఎక్కడా ఎవరూ చొరబడలేదు. మేం వార్త వేశాం, కానీ "పాత దొంగసొత్తు ఒకచోట కుప్పగా దొరికింది" అన్న అర్థంలో. ఆ రోజు మాకు క్లిక్కులు తక్కువే వచ్చాయి, ఆ మాట కూడా దాచను.

అంకెల దగ్గర ఆగండి

మా దగ్గర జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం సున్నాల దగ్గరే. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. ఇది అందరికీ తెలుసు. అయినా హడావిడిలో '100 బిలియన్' కాస్తా 'వంద కోట్లు' అయిపోతుంది. 2023 ఫిబ్రవరిలో గూగుల్ తన బార్డ్ చాట్‌బాట్ కోసం ఒక ప్రకటన వదిలింది. సౌర కుటుంబం బయట ఉన్న గ్రహాన్ని మొట్టమొదట ఫొటో తీసింది జేమ్స్ వెబ్ టెలిస్కోపే అని బార్డ్ అందులో చెప్పింది. నిజానికి అలాంటి ఫొటో 2004లోనే, చిలీలో ఉన్న వెరీ లార్జ్ టెలిస్కోప్‌తో తీశారు. ఆ తప్పు బయటపడ్డ రోజు గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ మార్కెట్ విలువ దాదాపు 100 బిలియన్ డాలర్లు పడిపోయింది. అంటే పది వేల కోట్ల డాలర్లు. మా వార్తలో అది వంద కోట్ల డాలర్లుగా వెళ్లింది. తప్పు సమాధానం గురించిన వార్తలో తప్పు అంకె.

మందు ఒకటే. పక్కన కాగితం పెట్టుకుని సున్నాలు వేయండి. మిలియన్‌కి 6, బిలియన్‌కి 9, ట్రిలియన్‌కి 12. మన కోటికి 7. సున్నాలు లెక్కపెట్టి కుడివైపు నుంచి ఏడు కొట్టేస్తే మిగిలింది కోట్లు. నోటి లెక్క వద్దు.

రెండోది బిట్టు, బైటు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఇది తెలుగులో రాసేవాళ్లకి ప్రత్యేకంగా పెట్టిన ఉచ్చు. ఇంగ్లిష్‌లో మెగాబిట్‌కి చిన్న బి, మెగాబైట్‌కి పెద్ద బి వేస్తారు కాబట్టి చూడగానే తేడా తెలుస్తుంది. మన లిపిలో చిన్నా పెద్దా లేవు. రెండూ 'ఎంబీ'నే. నేనొకసారి "100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంటే సెకనుకి 100 ఎంబీ డౌన్‌లోడ్ అవుతుంది" అని రాశాను. ఒకాయన కింద లెక్క వేసి మరీ చూపించాడు: "అక్కా, ఎనిమిదితో భాగించడం మర్చిపోయారు. సెకనుకి 12.5 మెగాబైట్లే. 1 జీబీ ఫైల్ దిగడానికి 80 సెకన్లు. మీ లెక్కలో పదే సెకన్లు. ఆ కనెక్షన్ ఎవరిస్తున్నారో చెబితే మేమూ పెట్టించుకుంటాం." అప్పట్నుంచి మా డెస్కులో వేగానికి 'మెగాబిట్లు', ఫైల్ సైజుకి 'మెగాబైట్లు' అని పూర్తిగా రాస్తాం. హెడ్డింగ్‌లో చోటు చాలకపోయినా సరే.

స్టోరేజ్ సంగతీ ఇలాంటిదే. 512 జీబీ డ్రైవ్ కొన్నవాళ్లు విండోస్‌లో చూసుకుంటే 476 చిల్లర కనిపిస్తుంది. కంపెనీ మోసం చేసిందని కోపం. తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, విండోస్ 1,024తో లెక్కేస్తుంది. బైట్ల సంఖ్య ఒకటే, కొలపాత్రలు వేరు. కొత్త ల్యాప్‌టాప్ గురించి రాసినప్పుడల్లా ఈ ఒక్క ముక్క చేర్చండి, బోలెడంత తిట్లు తప్పుతాయి.

ఇక 'అప్ టు'. ప్రెస్ నోట్‌లో ఇంతకంటే మాయదారి మాట నాకు కనపడలేదు. "కొత్త చిప్ అప్ టు 40 శాతం ఫాస్టర్" అని వస్తుంది అనుకోండి. కొత్తవాళ్లు రాసేది: "కొత్త చిప్ 40 శాతం వేగంగా పనిచేస్తుంది." ఇది తప్పు. కాస్త జాగ్రత్తపరులు రాసేది: "40 శాతం వరకు వేగంగా పనిచేస్తుంది." తప్పు కాదు గానీ ఉపయోగం లేదు. అప్పుడు నోట్ అడుగున ఉన్న చీమల బారులాంటి అక్షరాల దాకా వెళ్లాలి. పోల్చింది పోయినేడాది మోడల్‌తోనా, మూడేళ్ల కిందటి దానితోనా? ఏ పనిలో? ఎవరి పరీక్షలో? అక్కడ దొరికినదాన్ని బట్టి వాక్యం ఇలా తిరుగుతుంది: "మూడేళ్ల కిందటి మోడల్‌తో పోలిస్తే వీడియో ఎడిటింగ్‌లో 40 శాతం దాకా వేగం పెరిగిందని కంపెనీ తన సొంత పరీక్షల ఆధారంగా చెబుతోంది. పోయినేడాది మోడల్‌తో పోలిక ఇవ్వలేదు." పొడుగైందా? అయింది. కానీ ఇప్పుడు డబ్బు పెట్టే మనిషికి పనికొచ్చే సంగతి తెలిసింది.

'రెండు రెట్లు పెరిగింది' అని ఎప్పుడూ రాయకండి. 100 ఉన్నది 200 అయిందని కొందరూ, 300 అయిందని కొందరూ అనుకుంటారు. ఇద్దరిదీ తప్పు కాదు. '100 నుంచి 200కి పెరిగింది' అంటే గొడవే లేదు.

మిగతావి త్వరత్వరగా చెప్పేస్తాను. '3 నానోమీటర్ల చిప్' అన్నది తయారీ పద్ధతికి పెట్టిన పేరు. చిప్ లోపల స్కేలు పెట్టి కొలిస్తే మూడు నానోమీటర్లుండే భాగమేదో ఉందని కాదు. యూఎస్‌బీ 3.0 పేరే తర్వాత 3.1 జెన్ 1 అయింది, ఆ తర్వాత 3.2 జెన్ 1 అయింది. మూడింటి వేగమూ సెకనుకి 5 గిగాబిట్లే, కాబట్టి పేరు మారిందని 'కొత్త టెక్నాలజీ' అనకండి. దుమ్మునీ నీటినీ ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ68 అన్న రేటింగ్ అంటే 'వాటర్‌ప్రూఫ్' కాదు. ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీ చెప్పిన షరతు, పరీక్ష జరిగేది మంచినీళ్లలో. సముద్రంలో ముంచి చూడమని మనం చెప్పినట్టు ఉండకూడదు. బ్యాటరీలు పోల్చేటప్పుడు ఫోనుకి ఎంఏహెచ్, ల్యాప్‌టాప్‌కి వాట్ అవర్ పక్కపక్కన పెట్టకండి, ఎంఏహెచ్‌ని వోల్టేజ్‌తో గుణించి, వెయ్యితో భాగించి ఒకే కొలతలోకి తెండి.

బెంచ్‌మార్క్ స్కోర్లతో (ఫోన్ వేగాన్ని కొలిచే యాప్‌లు ఇచ్చే మార్కులు) మాత్రం నాకో చిన్న పేచీ ఉంది. 2022 మార్చిలో అలాంటి యాపైన గీక్‌బెంచ్ తన జాబితా నుంచి శాంసంగ్ గెలాక్సీ ఎస్22 ఫోన్లనీ, అంతకుముందు వచ్చిన కొన్ని ఎస్ సిరీస్ ఫోన్లనీ తీసేసింది. ఫోన్‌లో ఉన్న ఒక సర్వీస్ ఆటల్నీ యాప్‌లనీ నెమ్మదింపజేస్తూ, బెంచ్‌మార్క్ యాప్‌ల జోలికి మాత్రం పోవడం లేదని తేలడమే కారణం. అందుకని స్కోరు రాస్తే రాయండి గానీ, దాని పక్కనే గంటసేపు వాడాక ఫోన్ ఎలా ఉందో కూడా రాయండి. వాడకుండా రాస్తే 'వాడలేదు' అని రాయండి.

ఏది తెలుగు చేయాలి, ఏది వదిలేయాలి

ఓడ సంగతి చెప్పాను. మా ఫైల్లో ఉన్న మరికొన్ని: బగ్‌కి పురుగు. ప్యాచ్‌కి అతుకు. 'నేటివ్ సపోర్ట్'కి స్థానిక మద్దతు. 'క్లౌడ్‌లో భద్రం'కి మేఘాలలో భద్రం. 'యాప్ క్రాష్'కి యాప్ కుప్పకూలి మరణించింది. చివరిది నిజంగా ఒకబ్బాయి రాశాడు, ఒట్టు.

నేను పెట్టుకున్న కొలబద్ద మామూలుది. ఫోన్ బాగుచేయించుకోవడానికి వెళ్లిన మనిషి కౌంటర్ దగ్గర ఏ మాట అంటాడో అదే రాయాలి. 'అప్‌డేట్ కావట్లేదండీ' అంటాడు, 'నవీకరణ జరగట్లేదు' అనడు. 'ఛార్జింగ్ నిలబడట్లేదు' అంటాడు. అంత మంచి తెలుగు ఏ నిఘంటువు ఇస్తుంది? బ్యాటరీ లైఫ్ తగ్గింది అని రాసేకంటే అదే నయం. నామవాచకం ఇంగ్లిష్‌దైనా పర్వాలేదు, క్రియ మాత్రం మనది కావాలి. 'డేటాను యాక్సెస్ చేయగలిగే సామర్థ్యాన్ని కలిగి ఉంటుంది' అని రాసిన చేతితోనే 'డేటా చూడగలదు' అని కూడా రాయొచ్చు.

సెక్యూరిటీ వార్తల్లో మాత్రం మాటల తేడా ప్రాణం. తలుపు గడియ సరిగా పడటం లేదని తెలియడం వేరు, దొంగ లోపలికి రావడం వేరు, సొత్తు పట్టుకెళ్లడం వేరు. మొదటిది లోపం, రెండోది చొరబాటు, మూడోది డేటా చోరీ. మూడింటికీ 'హ్యాక్' అని రాసేస్తే చదివినవాళ్లకి టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు. 'జీరో డే' అన్న మాట వస్తే ఒక్క వాక్యంలో విప్పి చెప్పండి: తయారీదారు సరిదిద్దుకోవడానికి ఒక్క రోజు వ్యవధి కూడా లేకుండా, ముందే బయటివాళ్ల చేతికి చిక్కిన లోపం అని. లోపానికి సీవీఈ నంబరు (బయటపడ్డ లోపాల్ని అందరూ ఒకేలా గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరు) ఉంటే తప్పక ఇవ్వండి. అందులో మొదట సంవత్సరం, తర్వాత వరస సంఖ్య ఉంటాయి. 2021 డిసెంబర్‌లో ప్రపంచమంతటా సర్వర్లు చూసుకునేవాళ్లని హడలెత్తించిన లాగ్4జే (జావా ప్రోగ్రాముల్లో జరిగేవి నమోదు చేసే భాగం) లోపం నంబరు సీవీఈ-2021-44228, తీవ్రత 10కి 10. మామూలు పాఠకుడు ఆ నంబరుని దాటేసి చదువుతాడు. సర్వర్లు చూసుకునే అబ్బాయికి మాత్రం వార్త మొత్తంలో కావాల్సింది అదొక్కటే.

అక్షరాల సంగతి ఒకటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. 'ఈ రెండక్షరాల్నీ ఒత్తుగా కలపొద్దు' అని కంప్యూటర్‌కి చెప్పడమే దాని పని. అది లేకపోతే 'సాఫ్ట్వేర్' అని వకారం కూడా కిందకి దిగి ఒత్తైపోతుంది. చూడ్డానికి అసహ్యంగా ఉండటం ఒక్కటే కాదు, కంప్యూటర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు మాటలు. సైట్‌లో వెతుకులాట సరిగా రాసి ఉండకపోతే ఒకటి కొట్టినవాళ్లకి రెండోది దొరకదు. మా సైట్‌లో రెండేళ్ల వార్తలు సగం ఒకలా, సగం ఇంకోలా ఉండి, తర్వాత కూర్చుని సరిచేశాం. మీ కీబోర్డులో ఆ గుర్తు ఏ మీటలో ఉందో ఇవాళే కనిపెట్టండి.

ఆ కనపడని గుర్తే ఒకసారి ప్రపంచ వార్త అయింది.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం వస్తే ఐఫోన్ యాప్‌లు మూతపడుతున్నాయని గోల మొదలైంది. బయటి సైట్లు కొన్ని 'ఒక భారతీయ అక్షరం' అని రాసి ఊరుకున్నాయి. మేమైనా సరిగా రాశామా అంటే, లేదు. "జ్ఞా అని రాస్తే ఐఫోన్ ఫట్" అని వేశాం. దాంతో జ్ఞానేశ్వర్‌లూ జ్ఞానమ్మలూ కంగారుపడిపోయారు. నిజానికి మామూలుగా టైప్ చేసిన 'జ్ఞా'తో ఏ ఇబ్బందీ లేదు. జ, పొల్లు, ఞ వచ్చాక, దీర్ఘానికి ముందు ఆ కనపడని గుర్తు ఇరుక్కుంటేనే ఐఓఎస్ 11.2.5లో అక్షరాల్ని గీసే భాగం తికమకపడేది. బెంగాలీ లిపిలోనూ ఇలాంటి వరసతో అదే జరిగింది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది.

అందులో మేం చేసిన ఘనకార్యం ఇంకోటుంది. ఎవరో పంపిన ఆ అక్షరాన్ని యథాతథంగా కాపీ చేసి వార్త మధ్యలో పేస్ట్ చేశాం. ఐఫోన్‌లో వార్త తెరిచినవాళ్లకి అక్కడికి రాగానే బ్రౌజర్ మూతపడింది. ఒకామె ఇంట్లో ఇంకో ఫోన్ తీసుకుని మరీ రాశారు: "వార్త బాగుందండీ, డెమో కూడా ఇచ్చారు." అరగంటలో దాన్ని తీసేసి ఫొటోగా పెట్టాం. ప్రమాదకరమైన అక్షరాన్నీ లింకునీ ఎప్పుడూ ఫొటోగానే చూపించాలి.

ఆ వార్త ఇప్పుడు రాస్తే నేను ఈ క్రమంలో రాస్తాను: ఏ వెర్షన్ వాడేవాళ్లకి ఈ ఇబ్బంది, ఏం జరుగుతుంది, ఎవరికి భయం లేదు, ఏం చేయాలి, ఆ తర్వాత ఎందుకిలా అవుతోంది. లోపాల గురించిన ఏ వార్తకైనా ఇదే వరస. 'ఎవరికి భయం లేదు' అన్నది అందరూ మర్చిపోతారు. చదివేవాళ్లలో ఎక్కువమంది వెతికేది దానికోసమే.

హెడ్డింగు, లింకు, తేదీ

హెడ్డింగ్ మీద పెద్దగా చెప్పేదేం లేదు. 'మీ ఫోన్‌లో ఈ యాప్ ఉందా? వెంటనే తీసేయండి!' అన్నది మా దగ్గర నిషిద్ధం. ఏ యాపో హెడ్డింగ్‌లోనే చెప్పేయండి. చెబితే ఎవరూ తెరవరని మార్కెటింగ్ వాళ్లు వాదిస్తారు. ఆ యాప్ ఉన్నవాళ్లు తెరుస్తారు, లేనివాళ్ల టైం మనకెందుకు?

వార్త లింకులో తెలుగు అక్షరాలు పెట్టకండి. ఒక్కో తెలుగు అక్షరసంకేతం మూడు బైట్లు, లింకుగా కాపీ చేస్తే ఒక్కోటీ తొమ్మిది గుర్తులవుతుంది. అయిదు మాటల హెడ్డింగ్ వాట్సాప్‌లో శాతం గుర్తుల గోడలా కనపడుతుంది, చూసినవాళ్లు వైరస్ అనుకుని నొక్కరు. ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు మూడు మాటలు చాలు.

మూలం పేజీని వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్ పేజీల పాత కాపీలు దాచే సైట్) భద్రం చేసి పెట్టుకోండి. కంపెనీలు తమ పేజీల్లో మాటల్ని గొడవ సద్దుమణిగాక మార్చేస్తుంటాయి. రేపు 'మేం అలా అనలేదే' అంటే మీ దగ్గర కాపీ ఉండాలి. రివ్యూ కోసం కంపెనీ ఫోన్ పంపితే ఆ సంగతి మొదట్లోనే రాయండి, అడుగున కాదు. వార్త మార్చినప్పుడు పాత తేదీ ఉంచి, దాని కింద మార్చిన తేదీ వేయండి. పాత వార్తకి కొత్త తేదీ వేసి మళ్లీ పైకి తేవడం మా రంగంలో మామూలే. నాకు అది చద్దిని పొగలు వచ్చేలా వేడి చేసి ఇప్పుడే వండామన్నట్టు ఉంటుంది.

తప్పు దొరికాక

తప్పు ఎలాగూ జరుగుతుంది. దాన్ని పట్టుకునేది కూడా మామూలుగా పాఠకుడే. 1994లో ఇంటెల్ పెంటియం చిప్ భాగహారంలో తప్పు చేస్తోందని లోకానికి చెప్పింది థామస్ నైస్లీ అనే గణితం ప్రొఫెసర్. ఆయన తన లెక్కలు సరిపోక వెతికి పట్టుకున్నారు. ఇంటర్నెట్ చర్చల్లో విషయం పాకింది. మొదట్లో తేలిగ్గా కొట్టేసిన ఇంటెల్ చివరికి చిప్‌లు మార్చి ఇవ్వడానికి ఒప్పుకుని 47.5 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది. అంత పెద్ద కంపెనీ లెక్కని ఒక వాడకందారు సరిదిద్దాడు. మన నాలుగు పేరాల వార్త ఎంత!

తప్పని తేలితే రహస్యంగా దిద్దేయకండి. వార్త పైన 'సవరణ' అని పెట్టి, ముందు ఏముండేదో, ఇప్పుడు ఏం మార్చామో రెండు ముక్కల్లో చెప్పండి. ఇలా: "సవరణ: ఈ వార్తలో మొదట 100 బిలియన్ డాలర్లను వంద కోట్ల డాలర్లు అని రాశాం. సరైనది పది వేల కోట్ల డాలర్లు." 'సాంకేతిక లోపం వల్ల' అన్న మాట వద్దు, వేలు మనది. 2023 జనవరిలో సీనెట్ అనే టెక్ సైట్ ఏఐతో రాయించిన 77 వ్యాసాల్ని మళ్లీ చూసుకుని 41 వ్యాసాలకి సవరణలు వేసింది. వాటిలో వడ్డీ లెక్కల తప్పులూ ఉన్నాయి. ఏఐతో అనువాదం చేయించుకునేవాళ్లు మా దగ్గరా ఉన్నారు. నేను కాదనను. కానీ అంకెలన్నీ మూలంతో మళ్లీ చేత్తో సరిచూడాలి, పేరు మాత్రం రాసిన మనిషిదే ఉండాలి.

పాఠకులు రాసేవన్నీ చదవాలా? చదవాలి. అన్నిటికీ జవాబివ్వక్కర్లేదు. అంకె, పేరు, తేదీ, లింకు, వీటిలో ఏదైనా ఉన్నదానికి ముందు జవాబు. తిట్టి కూడా సరైన మాట చెప్పినవాడికి థాంక్స్ చెప్పి, తిట్టుని వదిలేయండి. హెడ్డింగ్ ఒక్కటే చదివి యుద్ధానికి వచ్చేవాళ్లతో వాదన దండగ. వీళ్ల కోసమే నార్వే ప్రభుత్వ ప్రసార సంస్థ టెక్ విభాగం ఎన్‌ఆర్‌కే బీటా 2017లో ఒక చమత్కారం చేసింది. వార్తలోంచి మూడు ప్రశ్నలు అడిగి, సరైన జవాబులు చెప్పినవాళ్లనే అభిప్రాయం రాయనిచ్చింది. మా యాజమాన్యానికి రెండుసార్లు చెప్పి చూశాను, నవ్వారు.

రాసేవాళ్లు ఎంత తక్కువో కూడా గుర్తుంచుకోండి. అమెరికా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ 2016లో తన సైట్‌లో పాఠకుల అభిప్రాయాల విభాగం మూసేస్తూ లెక్క చెప్పింది: ఆ జులైలో సైట్‌కి వచ్చినవాళ్లు దాదాపు 3.3 కోట్లు, అభిప్రాయం రాసినవాళ్లు 19,400 మంది. ఆ లెక్కన మీ తప్పు గురించి ఒక్కడు రాశాడంటే, గమనించి మాట్లాడకుండా వెళ్లిపోయినవాళ్లు చాలామందే ఉంటారు.

మా డెస్కులో అందరికీ కనపడే ఒక షేర్డ్ ఫైల్ ఉంది. ఎవరు తప్పు చేస్తే వాళ్లే తేదీ, తప్పు వాక్యం, సరైన వాక్యం, పట్టుకున్నది ఎవరో రాసుకోవాలి. మొదటి వరసలో ఓడ ఉంది. కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజు చదవాల్సింది ఆ ఫైలే. అందులో చివరి వరస మొన్న మంగళవారం పడింది: ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో ఎంత నిల్వ పడుతుందో చెబుతూ 60 కిలోవాట్ అవర్లు అని రాయాల్సిన చోట, శక్తి ఎంత వేగంగా వాడతామో చెప్పే కొలతలో 60 కిలోవాట్లు అని వెళ్లింది. పట్టుకున్నది ఒక పాఠకుడు, రాసింది నేను.